పద్దెనిమిది పేజీల్లో యర్రమ్మ రాత

పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురొడ్డున, బాంబూఫ్లాట్‌లో జెట్టీ వెనక వీధి. చేపలు ఎండబెట్టే పందిరి కింద అసిరయ్య కూర్చున్నాడు. అతని చేతిలో కూతురి ఫోను ఉంది.

“తీసీ. అది తీసీ, సీతాలూ.”

“ఏది నాన్నా? అమ్మ ఫొటోనా?”

“ఫొటో ఉండనీ. దాని కింద మీ అమ్మ రాత ఉంది చూడు. అది.”

“అరే, అదే కదా దుకాణానికి అందం! ఫోన్లో ఎండుచేపలమ్మే దుకాణాలు వందున్నాయి. ఇంటావిడ చేతిరాత ఎవరికుంది? ఉప్పు డబ్బా కింద పరిచి ఉంది ఆ కాగితం. ఫొటో కొట్టి పెట్టినాను.”

“ఎవర్నడిగి పెట్టినావు?”

“మా అమ్మ రాతకి ఎవర్నడగాలి?”

“నన్నడగాల. ఇది నెత్తళ్ల పేజీ కదా. సావళ్లది ఎక్కడుంది?”

“వేలితో పక్కకి తొయ్యి.”

“ఇందులోనూ ఉంది.”

“ఉంటుంది.”

“కానాగంతల్లోనూ ఉంది. సొరలోనూ... ఎన్నిసార్లు ఎక్కించినావే ఇది?”

“ఒక్కసారే. చేప పేరు, ధర ఒక్కో పేజీకి వేరు. ఈ ముక్క మాత్రం ఒక్కసారి కట్టి దాచుకుంటాను. ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవడమే. పద్దెనిమిది చేపలు, పద్దెనిమిది పేజీలు, ముక్క ఒకటే. ఇక్కడ ఒక అక్షరం మారిస్తే పద్దెనిమిదింటిలోనూ మారిపోతుంది.”

“కాలేజీలో చదివింది ఇదేనా? ఒకే ముక్క పద్దెనిమిది చోట్ల అతికించడం?”

“ఇదే. దీనికే జీతాలిస్తారు.”

“అయితే ఒక్కచోట తీస్తే అన్నిటా పోతాది.”

“పోతుంది. అందుకే తియ్యను. ముందు నువ్వు చదివి చెప్పు. కింద హిందీలో దాని మతలబ్ రాస్తాను. కొనేవాళ్లకి తెలియాలి కదా.”

“నువ్వే చదువుకో.”

“నాకు తెలుగు చదవడం ఎక్కడొచ్చు? హిందీ బడిలో వేసింది నువ్వే.”

“ఉప్పు సంగతి. ఇంకేటుంటాది? ఎంత చేపకి ఎంత ఉప్పు. అంతే.”

“అలా కాదు, లైను లైనుగా. మొదటిది?”

“సోమవారం.”

“సోమవారం ఏటి?”

“సోమవారం... చేప కడిగి ఉప్పు పట్టించాల.”

“మంగళవారం?”

“మబ్బు.”

“మబ్బా?”

“మబ్బుంటే ఎండబెట్టకూడదని. బస్, అయిపోయింది. రాసుకున్నావా?”

“ఉండు. ఈ మాట చూడు. పైన ఉంది, ఇక్కడుంది, మళ్లీ కిందా ఉంది. మూడుసార్లు రాసింది. చదవడం రాకపోయినా ఒక్కలాగే ఉందని తెలుస్తుంది కదా. ఏటది?”

“ఉప్పు.”

“ఉప్పంటే ఇందాక ఇంకోటి చూపించినావు.”

“కళ్లు సరిగ్గా ఆనట్లేదు.”

“పొద్దున్న వల చిరుగులు కుట్టినప్పుడు బాగానే ఆనినాయి.”

“వాదించకు. మీ అమ్మ పోయి ఆరేళ్లయింది. పోయిన మనిషి రాత అంగట్లో పెట్టి చేపలమ్ముకుంటావా? సిగ్గుండాల.”

“యర్రమ్మ ఎండుచేపలని పేరు పెట్టమన్నది నువ్వే.”

“పేరు వేరు.”

“ఫొటో ఇచ్చిందీ నువ్వే.”

“ఫొటో మాటాడదు.”

“రాత ఏం మాటాడింది నాన్నా?”

“ఏం మాటాడతాది? బతికున్నప్పుడే మాటాడలేదు. మొండిది. కడుపులో పోటు వారం పాటు దాచుకుంది. చెప్పుంటే భుజాన వేసుకుని తీసుకెళ్లీవాణ్ణి కాదా? జెట్టీ ఎంత దూరం? ఫెర్రీ ఎక్కితే పోర్ట్ బ్లెయిర్ ఎంతసేపు?”

“పావుగంట.”

“ఆ పావుగంటకి నోరు విప్పలేదు. ఆ ఒక్కదానికీ దాన్ని మన్నించను.”

“ఆరేళ్లుగా ఇదే చెప్తున్నావు. శవం దగ్గర కూచుని వచ్చినోళ్లందరికీ ఇదే చెప్పినావు.”

“ఉన్నమాట చెప్పినాను.”

“సరే. అయితే శుక్రవారం లైను చదువు.”

“శుక్రవారమని నీకెలా తెలుసు?”

“చదువు.”

“నీకు తెలుగు రాదన్నావు.”

“రాదు. మేరమ్మ ఆంటీకి వచ్చు, చర్చిలో వాక్యం చదివేది ఆవిడే. నాలుగు నెలల కిందట చదివించుకున్నాను. ఆవిడ ఏడుస్తుంటే మళ్లీ చదవమన్నాను. నోటికొచ్చీసింది. చెప్పనా?”

“వద్దు.”

“‘సోమవారం. కడుపులో మళ్లీ పోటు. ఫెర్రీ ఎక్కించమని అడిగినాను. చేపలు ఎండనీ అన్నాడు.’”

“సీతాలూ.”

“‘మంగళవారం. మబ్బు. చేపలు ఎండలేదు. అడిగినాను. బుధవారం. ఎండ కాసింది. అడిగినాను. రేపు ఇంకో పడవ చేప దిగుతాది, అదీ ఎండనీ అన్నాడు.’ మూడుసార్లున్న మాట ఉప్పు కాదు నాన్నా.”

“ఆపు.”

“‘గురువారం. చేపలు తిరగేసినాను. శుక్రవారం. ఇంక అడగను.’”

“అంత ఉందనుకోలేదే. మామూలు కడుపునొప్పే అనుకున్నాను. ఆ నాలుగు రోజులు మనిషి లేకపోతే సరుకంతా కుళ్లిపోయేది.”

“కుళ్లిందా?”

“లేదు.”

“శనివారం ఈ పందిరి కిందే పడిపోయింది. అప్పుడు ఎక్కించినావు ఫెర్రీ. డిగ్లీపూర్‌లో అత్త ఇంటి నుంచి బస్సెక్కి నేను ఆసుపత్రికి వచ్చేసరికి డాక్టరమ్మ నిన్నడుగుతోంది, ఎన్నాళ్లుగా నొప్పి అని. ‘మాకెవరికీ చెప్పలేదు’ అన్నావు. నేను పక్కనే ఉన్నాను. నమ్మినాను. ఆరేళ్లు అమ్మ మీద కోపం పెట్టుకున్నాను. ఎందుకు చెప్పలేదే అని ఫొటోని తిట్టుకున్నాను.”

“కన్నకూతురితో చెప్పే మాటా అది? నువ్వూ లేకపోతే నాకెవరున్నారు?”

“అందుకని అమ్మని మొండిదాన్ని చేసినావు.”

“తీసీవే. నీకు దండం పెడతాను. విశాఖపట్నం వాళ్లు కొంటారన్నావు. వాళ్లందరికీ తెలుగొచ్చు. మన చుట్టాలంతా అక్కడే ఉన్నారు. నెత్తళ్లు చూసినోడు చదువుతాడు, సొర చూసినోడూ చదువుతాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాల?”

“ఎవరూ చదవరు. దుకాణం మొన్న శనివారమే తెరిచీసినాను. అందులో ఈ చోట సముద్రం బొమ్మ ఉంది.”

“మరి ఇదేటి?”

“ఇది నా ఫోన్లో తప్ప ఇంకెక్కడా కనపడదు. నీ ఒక్కడి కోసం కట్టినాను నాన్నా. ఒక్కదాంట్లో అయినా ఉన్నదున్నట్టు చదువుతావని పద్దెనిమిదింటిలో పెట్టినాను.”