నాలుగు గుడ్ల తెల్లసొన

ఉదయం ఏడవుతోంది. వంటగదిలో భార్య గుడ్లు కొడుతోంది. బస్సు డ్రైవరైన భర్త రక్తపరీక్ష కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“రెండొందల నలభయ్యా? మళ్ళీ చెప్పండి.”

“రెండొందల నలభై. ఎన్నిసార్లు చదివినా షుగరు అంతే ఉంది.”

“నలభై రోజులండీ. పొద్దున్నే లేచి పాలకూర కడిగి, క్యారెట్ తురిమి, బీన్స్ సన్నగా తరిగి, నాలుగు గుడ్ల తెల్లసొన తీసి, చుక్క నూనెతో ఆమ్లెట్ వేసి పెడుతున్నాను. అంతా బూడిదలో పోసిన పన్నీరేనన్నమాట.”

“నేను చెప్పేది కాస్త...”

“ఏమీ చెప్పొద్దు. డిపో క్యాంటీన్లో ఏం తింటున్నారో అది చెప్పండి చాలు.”

“ఏమీ తినట్లేదు. టీ కూడా చక్కెర లేకుండానే.”

“మీ కండక్టరు చెప్పాడులెండి.”

“ఏం చెప్పాడు?”

“ఏమీ చెప్పలేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, మీకా కంగారెందుకు?”

“కంగారు దానికి కాదు. ఈ కాగితం ఒకసారి నువ్వే చూడు.”

“చేతులనిండా సొన. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కూడా తెలీదు. అయినా నేను చూస్తే అంకె తగ్గుతుందా? మామయ్యగారి కాలు తీసేసినప్పుడు ఆసుపత్రిలో మూడు నెలలు కూర్చున్నదాన్ని. మళ్ళీ ఆ మంచం పక్కన కూర్చునే ఓపిక నాకు లేదు. భయమేస్తోందండీ.”

“నాకూ భయంగానే ఉంది.”

“ఉంటే నోరు కట్టుకునేవారు.”

“సరేగానీ, ఆ పచ్చసొనలు ఏం చేస్తావు?”

“ఏ పచ్చసొనలు?”

“రోజూ నాలుగు మిగులుతాయిగా.”

“పారేస్తారా ఎవరన్నా? వెన్న వేసి, బ్రెడ్డు ముక్కల మీద వేయించుకుంటాను.”

“ఎన్ని ముక్కలు?”

“నా ముక్కలు లెక్కపెట్టమన్నాడా డాక్టరు? నాలుగో, ఐదో. జామ్ రాసుకుంటే గానీ గొంతు దిగవు. మీరు వెళ్ళాక, ఇక్కడే నిలబడి తినేస్తాను.”

“టీలో?”

“మూడు చెంచాలు. మీ కంటికి చక్కెర డబ్బా కనబడకూడదని నేనే ఖాళీ చేస్తున్నాను. మీ చెల్లెలు తెచ్చిన కేకు, బిస్కెట్లు, అన్నీ నేనే. ఇంట్లో ఉంటే మీరు ఊరుకుంటారా?”

“అన్నీ నువ్వేనా?”

“అన్నీ నేనే. మీకోసమే.”

“ఈమధ్య రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నావు. చెంబుడు నీళ్ళు తాగుతున్నావు.”

“దాహమేస్తే తాగనా? మాట మార్చకండి.”

“ఆరోజు ల్యాబులో నీ చెయ్యి కూడా గుచ్చారు, గుర్తుందా?”

“మీరే వెంటపడి గుచ్చించారు. నాకేమైంది, గుండ్రాయిలా ఉన్నాను. అడిగినదానికి జవాబు చెప్పండి. ఏం తిన్నారు?”

“ఆ గుడ్లు పక్కన పెట్టి ఇటు చూడు.”

“చూశారా. నేనడిగేదొకటి, మీరు చెప్పేదొకటి. డ్యూటీకి టైమవుతోంది, ఇంకా ఖాకీ చొక్కా కూడా వేసుకోలేదు.”

“సెలవు పెట్టాను. పదింటికి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మనిద్దరం.”

“మీ వెనకాల నేనెందుకు? అక్కడ కూడా నేనే జవాబు చెప్పాలా?”

“ఆ స్టూలు మీద కూర్చో.”

“ఆమ్లెట్ ఎవరు వేస్తారు?”

“నేను చూస్తాను. కత్తి ఇటివ్వు.”

“మీరు బీన్స్ తరిగారా ఎప్పుడన్నా?”

“ఎంత సన్నగా తరగాలో చెప్పు, నేర్చుకుంటాను. నాది నూట పదికి దిగింది. రెండొందల నలభై నీది.”