యలమందయ్య దించిన విమానాలు

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఊళ్ళో ఈ కథ చెప్పేవాళ్ళు లేరు, అందుకే రాస్తున్నాను. 2004 అనుకుంటా; ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

సత్తెనపల్లిలో మస్తాన్‌బీ టీ కొట్టు, దాన్ని ఆనుకుని ఆమెదే ఎస్టీడీ బూతు. మిరప రైతు యలమందయ్య పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కూతురు మాధురి ఉత్తరాదిన ఒక విమానాశ్రయంలో, విమానాలకు మైకులో దారి చెప్పే ఉద్యోగానికి శిక్షణలో ఉంది. పొగమంచులో నేల కనపడకపోయినా పరికరాల లెక్కతో దిగే కొత్త పద్ధతి పెట్టారక్కడ. ఆ పరీక్ష ఫలితం ఆవేళే. పదింటికి ఫోను చేస్తానంది. ఆయన చూపు బూతు మీదే ఉంది. నోరు మాత్రం ఆగలేదు.

“మా అమ్మాయి మొన్న మంచులో ఒక విమానాన్ని ఉత్త మాటతో దించింది.”

“ఒకటేనా?” అన్నాడు జక్రయ్య మాస్టారు, టీ ఊదుకుంటూ.

“ఒకటని ఎవరన్నారు? పదకొండు! మిర్చి యార్డు ముందు ట్రాక్టర్లు ఆగినట్టు ఆగినాయి, అదీ ఒకదాని వెనక ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి. ఆ పద్ధతి తెలిసినవాళ్ళు నలుగురే, అందులో ముగ్గుర్ని కొత్తవాళ్ళకి నేర్పమని పంపేశారు, ఇక మిగిలిందెవరు, మా మాధురే, రెండు చేతుల్లో రెండు మైకులు, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక పైలట్టు తొందరపడ్డాడు. ‘వెనక్కి పోవయ్యా’ అంది. పోయింది విమానం, వెనక్కి!”

“విమానానికి రివర్సు గేరా!”

“మా పిల్ల చెబితే ఉంటుంది మాస్టారూ. అట్టా వెనక్కి వెనక్కి వచ్చి మా కళ్ళం మీద ఆగింది. ఆరబోసిన కాయల ఘాటుకి లోపల నూట ఎనభై మందీ ఒక్కసారే తుమ్మారు. ఆ తుమ్ముకి అక్కడెక్కడో మంచు విడిపోయింది!”

బల్లంతా నవ్వింది. మస్తాన్‌బీ గిన్నె దించి ఇటు తిరిగింది.

“అన్నా, పాసయ్యేదాకా మాధురిని ఒంటరిగా మైకు ముట్టనివ్వరంట. నువ్వు చెప్పే విమానం ఎక్కడిదో నాకు తెలుసు. నా బూతులోది. ఆరు ఆదివారాలు ఆ పిల్ల సాధన కోసం ఫోనులో దారి చెబుతుంటే నువ్వేగా పైలట్టువి? పైలట్టు విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలంట. ఒక్కసారన్నా అప్పజెప్పావా? ఎంత ఎత్తుకి దిగమన్నా ‘సరే తల్లీ, తిన్నావా?’ అంటివి!”

“తిన్నదో లేదో అక్కడ ఎవరడుగుతారమ్మా,” అన్నాడు యలమందయ్య మెల్లగా.

అప్పుడే ఫోను మోగింది. ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మిర్చి ఘాటని దానికీ ఒక కోత కోయొచ్చు. కోయలేదు.

“తప్పింది,” అన్నాడు. “నెలాగి మళ్ళీ కూర్చుంటుందంట. ఊళ్ళో నేనేం చెప్పుకున్నానోనని, ఆ మాట చెప్పడానికే భయపడింది పిచ్చిపిల్ల.”

జక్రయ్య మాస్టారు జరిగి ఆయనకు చోటిచ్చాడు.

“నెలేగా యలమందయ్యా. ఆ పదకొండూ పైనే తిరుగుతుంటాయిలే. మాధురి రమ్మనందే ఒక్కటీ దిగదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మీ పిల్లలకు కూడా చెప్పండి. విమానాలు ఎన్నైనా పెంచుకోండి, మీ ఇష్టం. ‘తప్పింది’ అని ఆయన నలుగురిలో అన్న మాట మాత్రం వదిలెయ్యకండి.