తీగలో ఇరుక్కున్న బొమ్మ

పరిశోధన కేంద్రం ఎదురుగా ఉన్న టీ కొట్లో, రెండో టీ చేతికొచ్చేదాకా కేబుల్ మేస్త్రి నోరు విప్పడు. విప్పాడా, ఇక మూయడు. ఆ సాయంత్రం పక్కన బావమరిది ఉన్నాడు. బల్ల చివర ఎవరో ఒకావిడ అటు తిరిగి టీ తాగుతోంది.

"చిన్న పనేలే," అని మొదలెట్టాడు మేస్త్రి. "కిందటేడు ఒక పాపకి తలలో కణితి. దాని ముక్కని ఈ ల్యాబులోనే ఫొటో తీశారు. ఫొటో అంటే మన ఫోన్లో ఫొటో కాదురా, కణాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. సాయంత్రంకల్లా ఇంకో ఊళ్ళో పెద్ద డాక్టరు అది చూసి, ఆపరేషను చెయ్యాలో వద్దో చెప్పాలి. లైన్లో పంపబోతే, మూడు రోజులు పడుతుందంది కంప్యూటరు."

"మరి?"

"నన్ను పిలిచారు. ఒక్క జాయింటు సరిచేశా. మూడు రోజులు కాస్తా మూడు గంటలైంది."

"బాగుంది బావా."

"ఆగరా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరి చివర మలుపులో ఆ ఫొటో బొమ్మ తీగలో ఇరుక్కుపోయింది. వెళ్ళి చూద్దును కదా, మేకని మింగిన కొండచిలువలా తీగ ఉబ్బిపోయి ఉంది. స్తంభమెక్కి, పేస్టు ట్యూబు నొక్కినట్టు రెండు చేతులా నొక్కుకుంటూ, నేల మీద కాలు పెట్టకుండా నూట ఇరవై మైళ్ళు పోయా."

"మధ్యలో నది ఉందిగా?" అన్నాడు టీ కొట్టాయన, గ్లాసులు కడుగుతూనే.

"ఉంటే? తీగ మీదే నడిచా. బొమ్మ వేడికి కింద నీళ్ళు సలసలా కాగాయి. అవతల ఎంత జోరుగా వచ్చిపడిందంటే, నాలుగు కణాలు డాక్టరుగారి టేబులు మీద దొర్లాయి. నేనే ఏరి మళ్ళీ ఫొటోలో వేశా."

చివరనున్నావిడ గ్లాసు కింద పెట్టింది.

"ఆ రోజు లైన్లో ఏమీ వెళ్ళలేదండీ. ఆ ఫొటో తీసింది నేనే. డిస్కులోకి ఎక్కించి బస్సులో తీసుకెళ్ళా. ఏడు గంటలు ఒళ్ళోంచి దించలేదు."

మేస్త్రి చెవులు వేడెక్కాయి. బావమరిది తన గ్లాసులోకి చూసుకున్నాడు. మేస్త్రి మెల్లగా అడిగాడు, "పాప ఎలా ఉందమ్మా?"

"బడికెళ్తోంది. ఆ రోజు ల్యాబులో అందరూ ఇంకో గంట చూద్దామంటుంటే, 'ఈ లైను ఇంత బరువు మోయలేదమ్మా, నా వల్ల కాదు, బస్సెక్కండి' అన్నది మీరే. లేకపోతే నేనక్కడే కూర్చునేదాన్ని."

ఆవిడ వెళ్ళిపోయాక బావమరిది అడిగాడు, "అసలు సంగతి అదైతే, అదెందుకు చెప్పలేదు బావా?"

"నా వల్ల కాదని నేనన్నానంటే," అన్నాడు మేస్త్రి, "ఎవడు నమ్ముతాడురా?"