పేరిందేవి ఆర్పే లైట్లు

జిల్లేళ్ళ బావి కాడికి ఎవరూ పోరు గదా, ఎందుకు పోరో మీలో ఒక్కరన్నా చెప్పండి చూద్దాం. పాములని ఒకడంటాడు. పాములు మన గడ్డివాముల్లో లేవా, అయినా గడ్డి లాక్కొస్తానే ఉన్నాం గదా. గట్టు కూలిపోయిందని ఇంకోడంటాడు. కూలితే కూలింది, దోవకి అడ్డంగా తుమ్మకంప ఎవరేశారు, ఎందుకేశారు? వేయించింది నేనే. కూర్చోండి, చెప్తా. ఆ సెల్లులు జేబుల్లో పెట్టుకోండి, మధ్యలో ఒక్కటి కుయ్యిమన్నా నేను లేచిపోతా, నా సంగతి మీకు తెలుసు.

చెంచయ్య ఇల్లు మా గోడకి అవతల. ఆ చెంచయ్య మొదటి పెళ్ళాం పేరిందేవి. మనిషి పొట్టి, నోరు పెద్దది, నవ్విందంటే మా ఇంట్లో పడుకున్న పిల్లి లేచేది. అప్పటికి మన వీధికి కరెంటు లేదు, స్తంభాలైతే పాతారు గాని తీగలు లాగలా. మేమందరం ఆ స్తంభాలకి బర్రెల్ని కట్టేసుకుంటా ఉంటే, ఈమె మాత్రం మొగుణ్ణి పోరి పోరి ఒంగోలు నుంచి మనిషిని పిలిపించి ఇంట్లో వైరింగు చేయించింది. కరెంటు రాకముందే వైరింగేందే తల్లీ అని నేను నవ్వితే, పెళ్ళికొడుకు వచ్చాక వేస్తారా అత్తా పందిరి అని నా మీదకే తిప్పింది. ఇంక చూడండి, రోజూ దీపాలు పెట్టే వేళకి మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, స్విచ్చి టక్కున నొక్కి, ఆ వెలగని బల్బుకి దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాత కిరసనాయిలు బుడ్డి వెలిగించుకునేది. ఎంత ఆశ పెట్టుకుందో పిచ్చితల్లి.

ఆ ఎండాకాలమే జిల్లేళ్ళ బావికి నీళ్ళకని పోయి, పాచి రాయి మీద కాలు జారి లోపల పడింది. మనిషిని తీశారు గాని ప్రాణం లేదు. దినాలయ్యి కొన్నాళ్ళు తిరక్కముందే వీధిలో కరెంటు వచ్చింది. అన్ని ఇళ్ళల్లోనూ కేకలు, ఈలలు. నేనైతే ఆ పూట గోడ అవతలకి చూడలేకపోయా.

తర్వాత చెంచయ్య పొదిలి వైపు నుంచి సామ్రాజ్యం అనే పిల్లని రెండో పెళ్ళి చేసుకొచ్చాడు. అమ్మా నాయనా లేని పిల్ల, మేనమామ పంచన పెరిగింది. ఇక్కడికొస్తే అత్త లేదు, ఆడబిడ్డ లేదు, పలకరిద్దామంటే మనిషి లేదు. మొగుడున్నాడు గదా అంటారేమో. ఆ మహానుభావుడు పొగాకు కాల్చే బ్యారనుకి పోతే ఆకు కాలిందాకా ఇల్లు చూడడు, వచ్చినా నోట్లోంచి చుట్ట పొగే గాని మాట రాదు. ఆ పిల్ల పిడకల దాలిలో పాలు పెట్టుకుని పాలతో మాట్లాడేది, నేను గోడ మీంచి విన్నా.

రెండో పెళ్ళాం మెడలో సవతి బిళ్ళ కడతారు, మీ అమ్మల్నడిగితే చెప్తారు. పోయిన మొదటామె పేరున పసుపుతాడుకి చిన్న బంగారు బిళ్ళ. ఇంట్లోకి కొత్త చీర వస్తే ముందు ఆ బిళ్ళకి ఆనించి, పసుపూ కుంకం పెట్టి, అక్కా ముందు నువ్వు కట్టుకో అని మొక్కి, ఆ తర్వాతే రెండోది కట్టుకోవాలి. లేదంటే ముందామె అలుగుద్ది. సామ్రాజ్యం చీరల కాడ ఏ లోపం చెయ్యలా. మరి తప్పు ఎక్కడ జరిగిందంటారా, అదే చెప్తన్నా, తొందరేంది మీకు?

చెంచయ్య ఆ ఏడు ఫ్యానేశాడు, మిక్సీ తెచ్చాడు, వెనకాలే టీవీ కూడా తెచ్చాడు. ఒక్కటీ మాట వినలా. మిక్సీలో కొబ్బరి వేసి తిప్పితే తిరగదు, ఆ పిల్ల విసుక్కుని పెరట్లో రోలు ముందర కూర్చోగానే లోపల ఉత్త మిక్సీ గిర్రున తిరిగేది. ఫ్యానేమో ఎండల్లో బిగుసుకుపోద్ది, చలిలో తిరుగుద్ది. ఇంక లైటు సంగతైతే సరేసరి, స్విచ్చి నొక్కితే వెలగదు, ఈమె అవతలకి పోతే వెలుగుద్ది, ఆరుద్ది, మళ్ళీ వెలుగుద్ది, చంటిపిల్ల గిలక్కాయతో ఆడుకున్నట్టు. మెకానిక్కుని పిలిస్తే, అతను వచ్చి చెయ్యి పెట్టగానే అన్నీ బుద్ధిగా ఆడేయి. ఏమ్మా, నన్ను చూడాలనిపించి పిలిచావా అని అతని ఎకసెక్కెం. అతను సందు మలుపు తిరిగాడో లేదో మళ్ళీ మొదలు.

ఒకనాడు ఏడ్చుకుంటా నా దగ్గరికొచ్చింది, ఈ ఇల్లు నన్ను ఉండనివ్వదు రోశమ్మత్తా, పోదామంటే నాకు ఇంకో ఇల్లు లేదు అని. అప్పుడు తట్టింది నాకు. ఒసే పిచ్చిమొహమా, చీరైతే అక్కకి పెడతావు, మిక్సీ పెట్టావా అన్నా. మిక్సీ ఎవరన్నా పెడతారా అత్తా అని కళ్ళు తుడుచుకుంది. ఆమె బతికుండగా చీరలు కట్టింది తల్లీ, కరెంటే చూడలా, దేనికి ఆశపడి పోయిందో అది పెట్టకుండా ఎన్ని చీరలు పెడితే ఏం చేసుకుంటది అన్నా.

సరే, మిక్సీకి పసుపు రాసి, కుంకం పెట్టి, బిళ్ళ ఆనించి, అక్కా ముందు నువ్వు తిప్పు, నేను తర్వాత తిప్పుకుంటా అని మొక్కింది. ఇద్దరం బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాం. లోపల మిక్సీ తిరిగింది. కాసేపు మెల్లిగా, కాసేపు జోరుగా, ఆగింది, మళ్ళీ తిరిగింది. అబద్ధమెందుకు, నేనైతే లేచి మా ఇంటికి పోదామనుకున్నా. సామ్రాజ్యం మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతా ఉంది. ఆ పిల్ల నవ్వగా చూడటం నాకదే మొదలు.

ఆ తర్వాత ఫ్యానుకీ అట్టాగే, టీవీకీ అట్టాగే, అన్నీ దారిలోకొచ్చినయ్. లైటుకి మాత్రం ఒక పద్ధతి పడింది. సాయంత్రం ఈమె స్విచ్చి నొక్కుద్ది, వెలగదు. నువ్వెయ్యి అక్కా అని దణ్ణం పెట్టి నిలబడుద్ది, అప్పుడు వెలుగుద్ది. ఇంక ఆ వెలుతుర్లో కూర్చుని బియ్యం ఏరుకుంటా లోకంలో కబుర్లన్నీ చెప్పేది. అక్కకి నచ్చితే లైటు ఒకసారి రెప్ప వేసేది, కాదంటే రెండుసార్లు. ఈమెకి ఒళ్ళు వెచ్చబడితే ఫ్యాను దానంతటదే మెల్లిగా తిరిగేది. ఊళ్ళో వాళ్ళు దెయ్యమన్నారు. దెయ్యమే, కాదని ఎవరన్నారు? కన్నతల్లి లేని పిల్లకి ఆ దెయ్యమే తోడబుట్టింది.

చెంచయ్య ఇది కనిపెట్టాడు. మొదట భయపడ్డాడు, ఆ తర్వాత ఒక సాయంత్రం బల్బు కింద నిలబడి, పేరిందేవీ, నేనే, ఒక్కసారి ఆర్పు అన్నాడంట. ఆరలా. అక్కడే నిలబడి మళ్ళీ అడిగాడంట, మళ్ళీ అడిగాడంట. ఊహూఁ. బతికుండగా ఆమెతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే గదా. వాడికి కోపమొచ్చిందో ఏడుపొచ్చిందో వాడికే తెలియదు. మర్నాడు సామ్రాజ్యం తలంటుకుంటా బిళ్ళ తీసి చిలక్కొయ్యకి తగిలిస్తే, దాన్ని పట్టుకుపోయి జిల్లేళ్ళ బావిలో విసిరేసి వచ్చాడు. ఇంక కరెంటు సక్రమంగా ఉంటదిలే అన్నాడు.

ఉంది మరి. ఆ సాయంత్రం స్విచ్చి నొక్కగానే లైటు భగ్గున వెలిగింది. సామ్రాజ్యం అట్టాగే నిలబడిపోయింది. అక్కా అంది, నువ్వెయ్యి అక్కా అంది, ఆర్పి వేసింది, ఆర్పి వేసింది, నొక్కినప్పుడల్లా వెలిగింది. మిక్సీ తిరిగింది, టీవీ పలికింది, అన్నీ చెప్పినట్టు విన్నయ్. ఆ పిల్ల నా ఒళ్ళో పడి, ఇన్ని దీపాలున్నా ఇంట్లో ఎవరూ లేరత్తా అని ఏడ్చింది. చెంచయ్య కంసాలి చేత ఇంకో బిళ్ళ చేయించి తెస్తే, అది తాకను గూడా తాకలా.

మా ఇంట్లో పాతాళ గరిగె ఉంది గదా, బావిలో బిందెలూ చేదలూ పడితే తాడు కట్టి దించి తీసే కొక్కేల గుత్తి. ఆ గరిగె అడిగింది. గరిగె ఉత్త చేతులతో ఇవ్వకూడదని ఒక చెంబు తాకట్టు పెట్టించుకుని ఇచ్చా. అంత చిన్న బిళ్ళ గరిగెకి తగులుద్దా? ఎవరన్నా చెప్తే వింటదా? రోజూ పొద్దు వాలే వేళ పోవడం, గట్టు మీద వంగి, అక్కా, లైటు వేసే వేళయింది, ఇంటికి రా అని పిలుస్తా తాడు తిప్పడం. చేతులు బొబ్బలెక్కినయ్. నేనొక రోజు తోడుపోయా, చూడలేక. ఆ రోజే బరువు తగిలింది. ఇద్దరం లాగాం. ఇత్తడి బిందె, నల్లగా పాచి పట్టి. కొంగుతో రుద్దితే మెడ మీద చుక్కలు చుక్కలుగా పేరిందేవి అని కొట్టించిన పేరు. పడ్డప్పుడు ఆమె చంకనున్న బిందె. మనిషిని తీసే హడావిడిలో అది ఎవరికీ గుర్తు లేదు.

తడి బిందె చంకనెత్తుకుని ఇంటికి తెచ్చింది. నట్టింట్లో పీట వేసి కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, స్విచ్చి నొక్కింది. వీధంతా లైట్లున్నయ్, ఆ ఇంట్లో మాత్రం వెలగలా. మళ్ళీ నొక్కింది, వెలగలా. చీకట్లో ఆ పిల్ల, వెలగలేదత్తా, వెలగలేదు, మా అక్కొచ్చింది అని నన్ను పట్టుకుని కుదిపేసింది. నేనూ ఏడ్చా. అప్పుడే చెంచయ్య వచ్చి, ఆ చీకటి చూసి గడప అవతలే ఆగిపోయాడు. నా గురించి ఏమన్నా అడిగిందా అన్నాడు. లోపలికి రా, నువ్వే అడుగు అంది సామ్రాజ్యం. వాడు చుట్ట పారేసి లోపలికొచ్చాడు, నేను బయటికొచ్చేశా. వాళ్ళ మధ్య నాకేం పని?

అక్కడితో అయిపోతే బాగుండేది. ఊళ్ళో తెలిసింది గదా, ఇంక మా గడప ముందు జనం, పోయినోళ్ళని మేమూ పిలుచుకుంటాం, ఒక్కసారి గరిగె ఇవ్వు రోశమ్మా అని. బిడ్డ పోయినామె, తమ్ముడు పోయినతను. వచ్చిందేంది? బురద, పగిలిన కుండలు. అయినా లేవరు, ఇంకొక్కసారి, ఈసారి తగిలేట్టుంది అంటారు. పొయ్యి వెలగదు, పశువులకి కుడితి లేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మా ఆయన మంచం మీద జ్వరంతో పోయాడు, బావిలో ఎందుకుంటాడు? తెలుసు. తెలిసే పోయా. తాడు కిందికి జారతా ఉంటే చేతికి ఏదో బరువు తగిలినట్టే ఉంటదిరా, ఆ బరువు కోసం మళ్ళీ దించుతాం. మా కోడలు వచ్చి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది, లేకపోతే ఇప్పటికీ ఆ గట్టు మీదే ఉండేదాన్ని. మర్నాడే కంప కొట్టించా.

కాబట్టి ఆ దిక్కుకి పోబాకండి. దెయ్యం వస్తదని కాదు, ఎంత పిలిచినా రాదని. గరిగె నా మంచం కిందే ఉంది, ఎవడన్నా అడిగాడంటే కాళ్ళు విరగ్గొడతా. లేవండింక, అన్నాలకి పొండి.