వెనక బెంచీలో లేచిన చెయ్యి

రెండు యూనివర్సిటీలకీ వీడియోలో కలిపి చెప్పే పాఠం అయిపోయింది, ఇటు పిల్లలంతా వెళ్లిపోయారు. గోడమీది తెరలో, అవతలి యూనివర్సిటీ క్లాసులో, ఒకమ్మాయి మాత్రం వెనక బెంచీ వదలకుండా కూర్చుంది. ఆమె పక్కన చోటు ఖాళీ. మేడమ్ అటు చూడకుండా, ఎప్పుడో తుడిచేసిన బోర్డునే మళ్లీ తుడుస్తోంది.

"లేదమ్మా, ఇంకేం అడక్కు. వచ్చే టర్మ్ నుంచి మీ పాఠం మీది, మా పాఠం మాది. రెండు యూనివర్సిటీలకీ చెప్పేశాను."

"మేమేమన్నా తప్పు చేశామా మేడమ్?"

"ఛ, అదేం లేదు."

"మరి మా వైపు చూడరేం? గంటసేపూ అక్కడివాళ్లకేసే తిరిగి చెప్పారు."

"మెడ పట్టేసింది."

"నెల్రోజుల్నించా?"

"ఇన్నాళ్లూ నోరు విప్పనిదానివి, ఇవాళ భలే మాట్లాడుతున్నావే!"

"మా మాస్టారున్నప్పుడు అవసరం రాలేదు."

"ఆయన మాటెత్తకు."

"ఈ ఖాళీ చోటు చూస్తే భయమా మేడమ్?"

"చోటు కాదు, చెయ్యి. బోర్డుకేసి తిరిగితే చాలు, వెనకాల చెయ్యి లేచినట్టుంటుంది. తిరిగి చూస్తే ఏమీ ఉండదు. ఇంట్లోనూ అంతే. స్టవ్ ముందు నిలబడ్డా అంతే."

"మాస్టారి చెయ్యా?"

"ఇంకెవరిది? మా ఒప్పందం నీకేం తెలుసు? నా పాఠంలో ఆయన అక్కడ వెనక బెంచీ. ఆయన పాఠంలో నేను ఇక్కడ వెనక బెంచీ. పిల్లలకి ఎక్కడ బోధపడదో అక్కడ, మనకే బోధపడనట్టు చెయ్యెత్తాలి. అంతకుముందు ఏళ్ల తరబడి నేను బోర్డుకే పాఠం చెప్పాను. ఆయన చెయ్యి లేవడం మొదలయ్యాకే పిల్లల మొహాలు చూడ్డం నేర్చుకున్నా."

"చివరి రోజు కూడా లేచింది."

"ఆపు."

"దూలాల పాఠం. నడిమి స్తంభం తీసేస్తే పైనున్న బరువు ఎటు పోతుందో మీరు చెబుతుంటే..."

"ఆపమన్నానా! నవ్వానే తల్లీ, నేను నవ్వాను. 'మాస్టారికి ఇవాళా బుర్రకెక్కలేదు, ఉండండి, చివర్లో చెబుతా' అన్నాను. రెండు క్లాసులూ గొల్లుమన్నాయి. అక్కడ ఆయనకి గుండె ఆగిపోతోంది. సాయం కోసం చెయ్యెత్తారు. నేను జోకేశాను. పాఠం అయ్యాక గానీ ఎవరూ చూసుకోలేదు. ఇంక ఏ మొహం పెట్టుకుని అటు చూడను?"

"మీ ఒప్పందం సరే మేడమ్. మా వెనక బెంచీ ఒప్పందం మీకు తెలీదు."

"మీదేంటి మళ్లీ?"

"వేరే యూనివర్సిటీ మేడమ్ ముందు పరువు పోతుందని మాకు సిగ్గు. అందుకని మాస్టారు మోచెయ్యి బల్ల మీద పెట్టుకుని కూర్చునేవారు. అర్థం కానివాళ్లు మెల్లగా దాన్ని తట్టాలి. ఆయన చెయ్యెత్తేవారు."

"అంటే ఆయన అడిగిన డౌట్లన్నీ..."

"మావే. ఎక్కువ నావే. ఇక్కడే, పక్కనే కూర్చునేదాన్ని."

"ఆ రోజూ తట్టావా?"

"తట్టాను. కదల్లేదు. మళ్లీ తట్టాను. కళ్లు మూసుకునున్నారు, కునుకు పట్టిందనుకున్నా. పాఠం సగమన్నా కాకముందే, నేను తట్టేసరికే, నిద్రలోనే పోయారని డాక్టరు తర్వాత చెప్పారు."

"ఏం మాట్లాడుతున్నావ్? నా కళ్లతో చూశాను. చెయ్యి లేచింది!"

"లేచింది మేడమ్. మీరేమో ముందుకెళ్లిపోతున్నారు. నా చెయ్యెత్తే ధైర్యం నాకు లేదు. మోచెయ్యి కిందనుంచి పట్టుకుని ఆయన చెయ్యి ఎత్తింది నేనే. ఆ చల్లదనం ఇంకా నా అరచేతిని వదల్లేదు."

"అమ్మా..."

"ఇదిగో, ఇవాళ నా చెయ్యే ఎత్తాను. ఇటు చూడండి మేడమ్. చివర్లో చెబుతానన్నారు, ఆ బరువు ఎటు పోతుందో ఇంకా చెప్పలేదు."