రెండూ ఎడమకాలివే

సిద్దిపేటలో బ్లౌజులు కుట్టే వదిన, తోలు చెప్పులు కుట్టడం కొత్తగా నేర్చుకుంటున్న ఆడపడుచు. మధ్యలో వదినగారి కుట్టుమిషను.

“ఆగు పిల్లా! జాకిట్ల సూదితోని తోలు కుడితె ఇరుగుతది. లావు సూది పెట్టు. కుట్టు తప్పితె ఇప్పుకున్నా బొక్కలు అట్లనే ఉంటయి.”

“సరే వదినె.”

“ఇంతకు ఎవలికి?”

“అన్నకే.”

“మీ అన్న కాలు గింత పొడుగు లేదు.”

“జర పెద్దగ కోసిన.”

“మరి రెండూ ఎడమకాలికే కోసినవేంది?”

“అయ్యో! బట్ట లెక్క మడిచి కొయ్యరాదని ఒక్కొక్కటే కోసిన.”

“రెండోసారి కాలు గీసిన కాగితం బోర్లించాలె. తోలుకు నునుపు ఒక్క దిక్కే ఉంటది.”

“ఎట్లనే? ఆదివారం ఇయ్యాలె!”

“మీ అన్న రోజూ ఇంట్లనే ఉంటడు గద, ఆదివారమేంది?”

“వదినె, అన్నకు చెప్పకు. నీ కాళ్లు మొక్కుత.”

“చెప్ప. తోలు మిగిలింది, కుడిది మళ్ల కోద్దాం. కాని కుడికాలు కొలత కావాలె.”

“కాగితం బోర్లిస్తె చాలంటివి గద?”

“అది మీ అన్నకైతె. కొత్త చుట్టానికి చాలదు. రేపు గీడికి రమ్మను. నువ్వు కాలు గియ్యి, నేను మొఖం చూస్త.”