పసుపు నాచు

నారాయణఖేడ్‌లో చర్చి వెనక గల్లీ. 1993 ఎండాకాలం, ఒక సాయంత్రం. జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పే గ్రేసమ్మ, ఆమె తల్లి సాలమ్మ, ఒకప్పుడు యూనివర్సిటీలో గ్రేసమ్మతో కలిసి రీసెర్చి చేసిన జగన్నాథ్ వసారాలో కూర్చున్నారు.

“ఛాయ్ తాగు జగన్నాథ్, సల్లారిపోతుంది. తాగినంక చెప్పు ఎందుకొచ్చినవో.”

“ఊకెనే వచ్చిన గ్రేసమ్మా. మనూర్ల మా అక్క ఉంది గద, చూసి పోదామని…”

“మీ అక్క ఇన్నేండ్ల సంది మనూర్లనే ఉంది.”

“అడుగు బిడ్డా, గట్ల అడుగు. నా బిడ్డ పెట్టె మోసుకొని బస్సు దిగిననాటి సంది, యూనివర్సిటీ మనిషి ఒక్కడు ఈ గల్లీల అడుగు పెట్టలే.”

“అమ్మా, నువ్వు జర ఆగు.”

“ఎందుకాగాలె? కల్తీ చేసిందన్నరు నా బిడ్డను. పాలల్ల నీళ్లు పోసెటోళ్లను అంటరు గట్ల. చదువుల ఏం కల్తీ జేస్తరు? గదొక్కటి నాకు ఇప్పటిదాక సమజ్ కాలే.”

“నేననలే అవ్వా. మా ఇద్దరి గైడ్ సార్ అన్నడు.”

“సార్ అన్నడు, సరే. నువ్వేమన్నవ్?”

“ఛాయ్ మంచిగుంది అవ్వా.”

“బిస్కెట్ తీసుకో జగన్నాథ్. అమ్మ గట్లనే అడుగుతది. ఇప్పుడు నువ్వు యూనివర్సిటీల రీడర్ అయినవట గద?”

“రెండేండ్లయింది.”

“సార్ చేయించిండా?”

“ఇంటర్వ్యూ పెట్టిన్రు గ్రేసమ్మా. అందరికి పెట్టినట్టే.”

“అందరికి పెట్టలే. సరే, పోనీ. చెప్పు.”

“నువ్వు చెప్పింది నిజమైంది.”

“ఏది?”

“ఏదేంది? నీ పనే. నువ్వు చీకటి గదిల చేసిన పని. నిజమైంది.”

“నిజమయ్యేదేముంది? అప్పుడు గూడ నిజమే.”

“అయ్యో, ఇద్దరికిద్దరు గట్ల మాట్లాడితే నాకేం తెలుస్తది? కొడుకా, నాకర్థమయ్యేటట్టు చెప్పు. ఇది, అడిగితే అర్రలకు పోయి తలుపేసుకుంటది. ఏందది నిజమైంది?”

“అవ్వా, కంది గింజను చీకటి అర్రల మొలకేస్తే ఎట్లుంటది?”

“పసుపచ్చగుంటది. రాయి కింద గడ్డి లెక్క.”

“తెచ్చి ఎండల పెడితే?”

“పచ్చబడ్తది. గిది చదువుతందుకు హైదరాబాదు పోవాల్నా?”

“ఎందుకు పచ్చబడ్తదో చదువుతందుకు పోయినం. ఆకులోపల పచ్చరంగు తయారు చేసే ఎంజైమ్‌లు ఉంటయి అవ్వా. బట్టల మిల్లుల పనోళ్ల లెక్క అనుకో. ఒకడు చేసింది ఇంకోడందుకుంటడు. ఆఖరుకు దగ్గర పడ్డంక ఒక పని ఉంటది. కందిల ఆ పనిచేసే ఎంజైమ్‌కు వెలుతురు తాకాలె. తాకకుంటే అది కదలదు. ఇగ మొక్క పసుపచ్చగనే ఆగిపోతది.”

“అయితే?”

“నాచు అట్ల ఆగలేదమ్మా. మనూర్ చెరువు నాచు తీస్కపోయి, తిండి పెట్టి, చీకటి గదిల ఉంచిన. చీకట్లనే పచ్చగ పెరిగింది. వెలుతురు లేనిది ఆ పని ఎవరు చేసిన్రు? దాని లోపల ఇంకో ఎంజైమ్ ఉండాలె. వెలుతురుతోని పనిలేనిది. నేనన్నది గంతే.”

“గంతే గాదు గ్రేసమ్మా. అదే మొదటిదన్నవ్. సార్‌కు అక్కడ కాలింది.”

“మొదటిదే. భూమ్మీద గాలిల ఆక్సిజన్ లేనప్పుడు పుట్టింది అది. చెట్లు లేవు, గడ్డి లేదు. నీళ్లల్ల కంటికి ఆనని జీవులు, అంతే. వాటిల పుట్టింది. ఆక్సిజన్ పెరిగినంక దానికి పని కష్టమైంది. తర్వాత వెలుతురుతోని పనిచేసేది ఇంకోటి వచ్చింది. నాచు రెండిట్ని పెట్టుకుంది. కొండల మీది పైన్ చెట్టు గూడ రెండిట్ని పెట్టుకుంది. పువ్వులు పూసే చెట్లకొచ్చేసరికి మొదటిది పోయింది. కంది, జొన్న, వరి, దేంట్ల లేదు.”

“మంచిగ పనిచేసేదాన్ని ఎందుకు పోగొట్టుకున్నయ్?”

“ఎండల బతికేదానికి చీకట్ల పనిచేసెటోడు ఎందుకమ్మా? పోయినా ఎవరు చూడరు.”

“ఆ పని చేసే ఎంజైమ్ ఒక్కటే, ఒక్కపారే పుట్టిందని మా సార్ అప్పటికే పుస్తకం రాసిండు అవ్వా. ఆ పుస్తకం పిల్లలకు పాఠం. ఇగ గ్రేసమ్మ ఏమో రెండున్నయనవట్టె.”

“అందుకే తలుపు తెరిచిండు.”

“ఏం తలుపు బిడ్డా?”

“చీకటి గది తలుపమ్మా. గోడలకు నల్లగుడ్డలు కొట్టిన. తాళం రంధ్రంల మైనం పెట్టిన. లోపలికి పోవాల్నంటే రెండు తెరలు దాటాలె. తనిఖీ చేస్తనని వచ్చి, పట్టపగలు, రెండు తెరలు గుంజేసి తలుపు బార్లా తెరిచిండు. తెరిచి, చూసిన్రా, ఈమె గదిల వెలుతురు ఉన్నది అన్నడు.”

“తలుపు తెరిస్తే వెలుతురు రాదా?”

“గదే అడిగిన.”

“ఏమన్నడు?”

“అందరు నవ్విన్రు. నేను జోక్ చేసిననుకున్నరు.”

“కల్తీ ఎందుకన్నరు మరి?”

“పసుపు నాచు గురించి అవ్వా. గ్రేసమ్మ ఆ పచ్చ నాచులకెల్లి ఒకటి ఏరింది. అది చీకట్ల కంది మొలక లెక్క పసుపచ్చగైతది. ఎండల పెడితే పచ్చబడ్తది. అంటే దాంట్ల మొదటి ఎంజైమ్ చెడిపోయింది, రెండోది మంచిగుంది. రెండున్నయనేదానికి గంతకంటే రుజువు ఇంకోటి లేదు. సార్ ఏమో, బయటికెల్లి వేరే రకం తెచ్చి కలిపిందన్నడు.”

“తెచ్చి కలిపిందా? నా బిడ్డనా? చర్చిల పూలు గూడ అడగంది తెంపదది.”

“అమ్మా, ఇడ్సిపెట్టు. స్కాలర్‌షిప్ ఆపిన్రు, వచ్చిన. అయిపోయింది. జగన్నాథ్, నిజమైందంటివి. ఎట్ల?”

“బయటి దేశాలల్ల ఆ మొదటి ఎంజైమ్ జీన్ దొరికింది. నాచుల ఉంది. పైన్‌ల ఉంది. పొగాకుల లేదు. వరిల ఎదికిన్రు, లేదు.”

“మళ్ల చెప్పు.”

“ఏది?”

“వరిది.”

“వరిల లేదు గ్రేసమ్మా.”

“మంచిగ ఎదికిన్రా?”

“మొత్తం ఎదికిన్రు. ఈ కొసకెల్లి ఆ కొసదాక.”

“…వరిల లేదు. నేను కాలేజీల పోరగాండ్లకు ఏం చెప్తున్ననో తెలుసా? పుస్తకంల ఉన్నట్టు చెప్తున్న. ఒక్కటే ఎంజైమ్, వెలుతురు కావాలె అని. పరీక్షల గట్లనే రాయాలె. రాయకుంటే మార్కులు కొట్టేస్తరు. నేనే కొట్టేస్త.”

“గ్రేసమ్మా…”

“సరే. ఇగ అడుగు. ఏం కావాలె నీకు?”

“ఏం కావాలె అంటే… ఆ పసుపు నాచు, నీ దగ్గర ఏమన్న ఉన్నదా అని.”

“సార్ దగ్గర లేదా?”

“నువ్వు పోయినంక సింకుల పారబోయించిండు.”

“ఉంది కొడుకా, ఎందుకు లేదు! నా కుక్కర్‌నడుగు. పప్పు ఉడకబెట్టుకునే కుక్కర్ల నెలనెల దాని తిండి ఉడుకుతది. గాజు గొట్టాలల్ల పోసి, దూది పెట్టి, గా కిటికీల నిలబెడ్తది. చుట్టాలొస్తే ఏందమ్మా గది అంటరు. పెరుగు పులిసింది అని చెప్తా. ఏం చెప్పాలె మరి?”

“ఎవరికి కావాలె జగన్నాథ్? నీకా, సార్‌కా?”

“వచ్చే నెల జర్మనీకెల్లి ఒకాయన వస్తుండు. ఆ నాచుల ఏం చెడిపోయిందో జీన్ తీసి చూస్తడట. సార్ ఇస్తనని మాటిచ్చిండు.”

“నన్నడగకుండ నాది ఇస్తనన్నడు.”

“నీదే అని చెప్పిండు గ్రేసమ్మా! అది చెప్పేటందుకే నేను… మొన్న హైదరాబాదుల సభ అయింది. దేశమంతకెల్లి వచ్చిన్రు. సార్ నీ పని మొత్తం చెప్పిండు. నువ్వు తీసిన ఫోటోలు తెర మీద ఏసి చూపిచ్చిండు. ఈ పని నాది గాదు, నా స్టూడెంట్ గ్రేసమ్మది, అప్పుడు మేమే గుర్తుపట్టలేకపోయినం అన్నడు.”

“సార్ అన్నడా?”

“నా చెవులతోని విన్న.”

“మైక్ల?”

“మైక్ల.”

“కొడుకా, ఆగు ఆగు. నా బిడ్డ పేరు చెప్పిండా? గంతమంది సదువుకున్నోళ్ల నడుమ?”

“చెప్పిండు అవ్వా. నారాయణఖేడ్ పిల్ల అని గూడ చెప్పిండు.”

“వాళ్లేమన్నరు? పేరు చెప్తే ఏమన్నరు?”

“వాళ్లా… వాళ్లు లేచి నిలబడ్డరు అవ్వా.”

“అందరా?”

“అందరు.”

“విన్నవా బిడ్డా? లేచి నిలబడ్డరట! మీ నాయిన కాలేబు, పటేండ్ల ఇంటి ముంగటికెల్లి పోవాల్నంటే చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండు. గా మనిషి బిడ్డ పేరు చెప్తే పెద్ద పెద్దోళ్లు కుర్చీలకెల్లి లేచి నిలబడ్డరట. ముందుగాల్నే చెప్పకపోతివి కొడుకా, వచ్చి గంట గావట్టె! ఆదివారం యేసయ్య పాస్టర్‌తోని సంఘంల చెప్పిస్త. పక్కింటి కిష్టవ్వకు ఇప్పుడే చెప్తా. పెండ్లి లేదు, పట్టా లేదు అని ఎన్ని మాటలంది.”

“అమ్మా, కూసో. తర్వాత చెప్తువు.”

“నవ్వుతున్నవా బిడ్డా? నవ్వుతుంది సూడు! ఎన్నేండ్లకు!”

“ఏం లేదమ్మా. జగన్నాథ్, రెండు గొట్టాలిస్త. ఒకటి పగిలినా ఇంకోటుంటది. తడిగుడ్డ చుట్టి ఇస్త, బస్సుల కిటికీ కాడ పెట్టకు. పోంగనే కొత్త తిండిల ఎయ్యి. సార్‌కు చెప్పు… ఏం లేదులే. అందిందని ఒక కార్డు ముక్క రాయమను.”

“సరే గ్రేసమ్మా. చాన మంచిదైంది.”

“ఉత్త గొట్టాలు పంపుడెందుకు? మేమే వస్తం. గా జర్మనీ ఆయన వచ్చిననాడు ఇద్దరం వస్తం. నా బిడ్డ తన చేతులతోనే ఇయ్యనీ.”

“వద్దవ్వా.”

“ఎందుకొద్దు?”

“ఎండలు మస్తున్నయి. అంత దూరం…”

“నాకు ఎండ కొత్తనా? కంగ్టిదాక నడిచి కూలికి పోయినదాన్ని. లేచి నిలబడ్డోళ్లను నేను గూడ ఒకపారి సూడాలె.”

“అవ్వా, నా మాటిను. ఇప్పుడొద్దు. ఇంకోసారి నేనే తీస్కపోత. సార్‌కు జర ఇబ్బంది…”

“ఇబ్బందా? మైక్ల పేరు చెప్పినోనికి మనిషి ఎదురుంగొస్తే ఇబ్బందేంది?”

“జగన్నాథ్.”

“ఆఁ.”

“చప్పట్లు కొట్టిన్రా?”

“ఎప్పుడు?”

“లేచి నిలబడ్డరు గద. నిలబడి చప్పట్లు కొట్టిన్రా?”

“లేదు. చప్పట్లు… గప్పుడు కొట్టరు గద.”

“ఎప్పుడు కొట్టరు?”

“బస్సుకు టైమైతుంది గ్రేసమ్మా.”

“ఇంకా గంటన్నర ఉంది. సార్ ఏమన్నడు? నా స్టూడెంట్ గ్రేసమ్మ అన్నడు, మేమే గుర్తుపట్టలే అన్నడు. తర్వాత?”

“తర్వాత ఏం లేదు.”

“జగన్నాథ్.”

“ఎవరో అడిగిన్రు, ఆ పిల్ల ఇప్పుడేం చేస్తుందని. సార్ ఏమో, ఆ పిల్ల ఇయ్యాల మన మధ్యన లేదు అన్నడు.”

“అయితే ఏంది? నిజమే గద. నా బిడ్డ గీడ ఉండె, ఆడ లేదు.”

“అమ్మా, ఆగు. అన్నంక?”

“సభ నడిపే పెద్దాయన కండ్లద్దాలు తీసిండు. అందర్ని లేవమన్నడు.”

“సార్ చెప్పలేదా? గట్ల కాదని?”

“సార్ తల వంచుకున్నడు.”

“ఏంది బిడ్డా? ఏం చెప్తుండు ఈ పిల్లగాడు? ఎందుకు తల వంచుకున్నడు?”

“నువ్వేడున్నవ్ జగన్నాథ్?”

“మూడో వరుసల.”

“మూడో వరుసల కూసున్నవ్.”

“కూసున్న… కూసున్న మొదలు.”

“నేను గీడ పాఠం చెప్పుకుంట బతుకుతున్నని నీకెరుకనే. గా సభల ఇంకెవరికి ఎరుకలేదు, నీకు, సార్‌కు తప్ప. అందరు లేచినప్పుడు నువ్వు కూసునే ఉన్నవా?”

“లేదు గ్రేసమ్మా. అందరితోని నేను గూడ తల వంచుకొని నిలబడ్డ. రెండు నిమిషాలు, మౌనంగ.”